గోడ ఏమంటోంది

గంట ఆగండి అల్లుడుగారూ, పూత బిగుసుకునేదాకా దాని జోలికి పోకండి అని చెప్పి మా మామ బయటికి వెళ్ళాడు. ఇసుక జల్లించాలట. జల్లించిన ఇసుక గది మూల కుప్పగా ఉండగా ఇంకా ఎందుకో నాకు తెలియదు. కిటికీలోంచి చూస్తే వాకిట్లో పీట వేసుకుని, వీపు నాకు పెట్టి జల్లెడ ఆడిస్తున్నాడు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి గోడ వంక కాదు, నా మొహం వంక చూశాడు. అదీ మామూలుగా కాదు, పరీక్షలో పక్కవాడి కాగితంలోకి తొంగి చూసినట్టు. నా మొహంలో ఏం రాసి ఉందని? కొత్త పూత గోడంతా తడితడిగా, బూడిదరంగులో, ఒకే తీరుగా ఉంది. ఎవరు చూసినా బాగుందనే అంటారు. నాకు మాత్రం కిటికీకి ఎడమపక్క, భుజం ఎత్తున, పళ్ళెమంత మేర వేరుగా కనిపిస్తోంది. నిజానికి వేరుగా లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా కళ్ళే అక్కడికి పోతున్నాయి. పూత బిగుసుకున్నాక చెక్కతో రుద్దాలి. రుద్దితే అది కూడా కనిపించదు, గోడ నున్నగా అద్దంలా తయారవుతుంది. ఇక ఆ పళ్ళెమంత మేర లోపల ఏముందో నాకు, గోడకు తప్ప ఎవరికీ తెలియదు. మామకు తప్ప అనాలి. ఆయనకు తెలుసు, తెలియకుండా ఎలా ఉంటుంది, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ గోడలు పూస్తున్నాడు.

తెలిసే ఊరుకున్నాడు. నా అనుమానం అదే. మామూలు కూలీని తిట్టినట్టు నన్ను తిట్టడు. మాలు కలిపేవాణ్ణి తిడతాడు, పరంజా కట్టేవాణ్ణి తిడతాడు, సొంత కొడుకుని, అంటే మా బావమరిదిని, అందరిముందూ కడిగేస్తాడు. నా దగ్గరికి వచ్చేసరికి మీరు, మీ ఇష్టం, కానివ్వండి. అల్లుణ్ణి కదా. అల్లుడికి మర్యాద చేస్తారు, పని నేర్పరు. తిట్టకుండా నేర్పిన విద్య ఏదైనా ఉందా? నేను సౌండు సెట్ల షాపులో పని నేర్చుకున్నప్పుడు మా ఓనరు నా చెవి మెలిపెట్టి మరీ అడిగేవాడు, ఈ స్పీకరు బాక్సులో గరగర ఎక్కడినుంచి వస్తోందిరా అని. ఆ మెలికల వల్లే వైరు తెగిందా, కోను చిరిగిందా, స్క్రూ వదులైందా అని కళ్ళు మూసుకుని చెప్పగలిగేవాణ్ణి. షాపు మూతపడ్డాక మా ఆవిడ వాళ్ళ నాన్నతో చెప్పింది. ఆయన కాసేపు ఆలోచించి, అల్లుడుగారికి చెవి మంచిదంటున్నావుగా, రమ్మను అన్నాడట. తాపీ పనికి చెయ్యి కావాలి, నడుం కావాలి, చెవి ఎందుకు? వెక్కిరింత కాక మరేమిటి? మా ఆవిడతో అంటే, నాన్న నీ గురించి మంచిగానే అన్నాడు, నువ్వే పెడర్థాలు తీస్తావు అంది. మంచిగానే అన్నవాడైతే కొత్త అపార్ట్‌మెంట్ల పనులన్నీ కొడుక్కిచ్చి, పుచ్చిపోయిన పాత ఇళ్ళన్నీ నాకెందుకు కట్టబెడతాడు? కొత్త గోడలు బుద్ధిమంతులు, సిమెంటు మీద సిమెంటు, రసమట్టం పెడితే బుడగ నడిమధ్య నిలబడుతుంది, బావమరిది ఈల వేసుకుంటూ పూస్తాడు. నాకు మాత్రం సున్నం, రాయి, మట్టి, చెమ్మ, ఎలుక బొరియలు. పైగా పాత ఇల్లయితే తానూ నాతోపాటు తయారవుతాడు, కొడుకు వెంట మాత్రం పోడు. కొడుకుని నమ్మకం మీద వదిలేశాడు, నన్ను కాపలా కాస్తున్నాడు, అంతే కదా.

సలహాలు మాత్రం బోలెడు. గోడను తాకేముందు తాపీ పిడితో తట్టి వినండి, నిండుగా పలికితే పాత పూత ఇంకా గోడను పట్టుకుని ఉన్నట్టు, గుల్లగా పలికితే వదిలేసినట్టు, వదిలేసినదాన్ని ఎంత బాగున్నా ఉంచకండి. సరే. సున్నం గోడకు సిమెంటు పూయకండి, ఊపిరాడక లోపల చెమ్మ పట్టి పొరలు పొరలుగా రాలుతుంది. సరే. ముందురోజే గోడకు నీళ్ళు పట్టించండి, దాహంతో ఉన్న గోడ మీ పూతలోని నీళ్ళన్నీ లాగేసి పొద్దుటికల్లా పగుళ్ళు చూపిస్తుంది. ఇదీ సరే. కాని గోడ నిటారు చూసే తూకం గుండు మాట వినకండి అని అన్నప్పుడు నేను సరే అనలేదు. తూకం గుండు మాట వినొద్దని చెప్పే మేస్త్రిని నేను ఎక్కడా చూడలేదు. పాత ఇంట్లో ఏ మూలా మూల కాదు అల్లుడుగారూ, నిటారు చెయ్యాలని చూస్తే కిందనో పైనో అరచెయ్యి మందం పూయాలి, ఆ బరువుకి అదే ఊడి పడుతుంది, గోడ ఎటు వంగితే మీరూ అటే వంగండి, కంటికి బాగుంటే చాలు. ఇది నిజంగా సలహాయేనా, నా చేత వంకరగోడ పూయించి, చూశారా, మా అల్లుడి పనితనం అని నలుగురిలో నవ్వించే ఏర్పాటా? ఆ రాత్రి బావమరిదిని అడిగాను. నాన్న చెప్పినట్టు చెయ్యి బావా అని వాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా అన్నాడు. ఎత్తకుండా ఎందుకన్నాడు? చివరికి చెప్పినట్టే చేశాను, గోడ కంటికి బాగానే ఉంది. అదీ నాకు నచ్చలేదు. ఇక మూసేసిన తలుపు సంగతి. పాత ఇంట్లో ఎక్కడో ఒకచోట తలుపు మూసేసి ఉంటారు, అక్కడ ఇటుక, చుట్టూ రాయి, రెండూ కలిసేచోట ఇనప తీగల జాలీ కొట్టకపోతే తలుపు ఆకారంలోనే పగులుతుంది, ఇంటివాళ్ళు లేదంటారు, నమ్మకండి అన్నాడు. ఈ ఇంటావిణ్ణి అడిగితే లేదనే అంది. గీకి చూస్తే ఉంది. ఎవరినీ నమ్మొద్దని నేర్పింది ఆయనే, మరి ఆయన్ని నేనెందుకు నమ్మాలి?

నిన్న ఈ గోడ తట్టమన్నాడు. నేను తాపీ తిరగేసి పిడితో తడుతుంటే తాను వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడ్డాడు, కళ్ళు నా మొహం మీద. గోడను వినాల్సినవాడు గోడకు వీపు పెడతాడా? టక్, టక్, నిండుగా. టక్, గుల్ల. ఏమంటోంది అని అడిగాడు. నేను నోరు విప్పేలోపే సరిగ్గా అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. ఇంకోచోట గుల్ల. మళ్ళీ ఏమంటోంది, మళ్ళీ నేను చెప్పకముందే గీత. నీకు వినిపిస్తూనే ఉంటే నన్ను అడగడం ఎందుకు? చిన్నపిల్లాడికి వేలు చూపించి ఇది ఎన్ని అని అడుగుతున్నట్టుంది. ఎదిగిన మగవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని. నాకు మండింది. సరే, నా మొహం చూసి ఆడుకుంటున్నావు కదా, ఇక మొహం కదిపితే ఒట్టు అనుకున్నాను. పళ్ళు బిగించి, కనుబొమ్మలు కిందకి లాగిపెట్టి, రాయిలా మొహం పెట్టి తట్టాను. అప్పుడే కిటికీకి ఎడమపక్కన, భుజం ఎత్తున, ఖాళీ డబ్బాలా పలికింది. అంత గుల్ల ఈ గోడలో ఇంకెక్కడా లేదు. కోను చిరిగిన స్పీకరులా లోపల ఏదో కొట్టుకున్న చప్పుడు కూడా వినిపించింది. నేను కదల్లేదు. ఏమంటోంది అన్నాడు. మీరే చెప్పాలి అన్నాను. ఆయన నా మొహం వంక చాలాసేపు చూశాడు. చెప్తాడనుకున్నాను. సరే, కానివ్వండి అన్నాడు. గీత గీయలేదు. గీతలున్న చోటల్లా పాత పూత కొట్టేసి, నింపి, ఈ పొద్దున గోడంతటికీ పైపూత వేశాం. ఆ పళ్ళెమంత మేర మీద నా చేత్తోనే నేను పూశాను. అక్కడ ఆయన ఇప్పుడైనా ఆపుతాడని చెయ్యి నెమ్మది చేశాను. ఆపలేదు. ఓహో, అలాగా అనుకున్నాను. ఊడి పడేదాకా చూసి, అప్పుడు చెబుతావు, నీ తట్టడం ఇంతే అని. పంతానికి పంతం, ఇంకో పొర దిట్టంగా పూశాను.

ఇంటావిడ గదిలోకి తొంగి చూసింది. బాగుందండీ, ఆరగానే అమ్మ మంచం మళ్ళీ ఇక్కడే వేసేస్తాం, ఆవిడకు ముందు గదిలో నిద్ర పట్టడం లేదు, తల ఇటే పెట్టుకుంటుంది, కిటికీ గాలి కావాలి అంది. ఇటే అంటూ కిటికీకి ఎడమపక్కన చెయ్యి చూపించింది. నేను అలాగేనండీ అన్నాను. అలాగేనండీ అని ఎలా అనగలిగానో నాకే తెలియదు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేల మీద మంచం కోళ్ళ గుర్తులు నాలుగూ అలాగే ఉన్నాయి. ఆ గుల్ల పూత ఇవాళే పడదు. పడితే బాగుండు. పాత సున్నం గట్టిది, చుట్టూ ఉన్నదాన్ని పట్టుకుని కొన్నాళ్ళు వేలాడుతుంది, ఓ వానాకాలం గడుస్తుంది, చెమ్మ దిగుతుంది, ఏదో ఒక తెల్లవారుజామున ఇటుకంత మందం పెంకు, మీద నా పూత బరువుతో సహా. ముందు నుయ్యి వెనక గొయ్యి. ఇప్పుడు మామను పిలిచి చెబితే, నిన్న తెలిసీ ఎందుకు పూశావంటాడు. అనడు, అదే బాధ. మీ ఇష్టం అంటాడు. సాయంత్రం ఇంటికి వెళ్ళి కూతురితో అంటాడు, అల్లుడుగారికి వేరే పని ఏదైనా చూసుకుంటే మంచిదేమో అని. మా ఆవిడ అన్నం వడ్డించి పక్కన కూచుంటుంది. ఆ కూచోవడం నాకు తెలుసు. షాపు మూసేసిన రోజు అలాగే కూచుంది. ఈ తాపీ పోతే నా చేతిలో ఇంకేముంది? చెప్పకపోతే గోడ నున్నగా ఉంటుంది, పని నిలుస్తుంది. కాని ఆయన అసలు ఎందుకు ఊరుకున్నాడు? నన్ను వదిలించుకోవాలంటే సవాలక్ష దారులుండగా ఒక ముసలావిడ తల మీదికి తెస్తాడా? అంత పాపిష్టివాడా? మా అత్తగారు ఆయన్ని ఎన్ని తిట్టినా ఆ మాట ఎప్పుడూ అనలేదు. ఈయనకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అని మాత్రం రోజుకు నాలుగుసార్లు అంటుంది, ఏ ఇంట్లో భార్య అనదు గనక. ఆయన టీవీ మోత వీధి చివరిదాకా వినిపిస్తుంది, తగ్గించమంటే పలకడు. పొగరు. కిటికీ దగ్గరికి వెళ్ళి, మామయ్యా అని పిలిచాను. జల్లెడ ఆగలేదు. మామయ్యగారూ అన్నాను. వీపు కదల్లేదు. అదీ పొగరే. ఎడమవైపు నడుస్తూ ఏదైనా అంటే అసలు పలకడు, కుడివైపుకి వస్తేనే మనిషిగా లెక్క.

పూత మీద వేలు పెట్టి చూశాను. వేలిముద్ర పడుతోంది, కాని వేలికి అంటడం లేదు. ఇక ఎంతోసేపు లేదు. చెక్క తడిపి పెట్టుకున్నాను. వెనక గుమ్మం దగ్గర చప్పుడైతే తిరిగాను. ముసలావిడ. చేతికర్ర పట్టుకుని, గడప అవతల ఆగి, నన్ను చూస్తోంది. ఈవిడా అంతే, వచ్చినప్పటినుంచీ నా మూతి వంకే చూస్తుంది, ఏదో దాచుకున్నానేమో అన్నట్టు. అయిందా నాయనా అంది. అయిపోవచ్చిందండీ అన్నాను. మళ్ళీ గోడ వంక తిరిగిపోయి అన్నాను. ఆవిడ అక్కడే నిలబడింది. అయిందా అంది మళ్ళీ. విసుగొచ్చింది, అయిపోవచ్చిందన్నాగా అన్నాను, చెక్క పిండుకుంటూ. ఆవిడ ఓ అడుగు లోపలికి వేసి, పక్కకు వచ్చి, వంగి మరీ నా మొహంలోకి చూసింది. వంటింట్లోంచి ఇంటావిడ కేక వేసింది, ఆవిడకి వినపడదండీ, మీరు మొహం ఇటు తిప్పి చెప్పండి, మనిషి మొహం కనిపిస్తే చాలు, మన మనసులో మాట కూడా చెప్పేస్తుంది. నేను మొహం తిప్పాను. మెల్లగా, అయిపోవచ్చింది అన్నాను. ముసలావిడ నా పెదాలు చూసింది, ఆపైన కళ్ళు చూసింది, చాలాసేపు చూసింది. ఏమైంది నాయనా, అలా ఉన్నావు అంది.

ఆ చూపు నాకు తెలుసు. నిన్న గోడకు వీపు పెట్టి నిలబడ్డ మనిషి చూపు అది. నా చేతిలో చెక్క చేతిలోనే ఉండిపోయింది. నేను మొహం చిట్లించినచోటల్లా గీత గీశాడు. చిట్లించనిచోట గీయలేదు. వింటూ గీయలేదు, నన్ను చూసి గీశాడు. పరీక్షలో పక్కవాడి కాగితంలోకి తొంగి చూసేవాడికి పక్కవాడు తప్పు రాస్తే తాను రాసేదీ తప్పే. పాత ఇళ్ళకు నన్ను వెంటబెట్టుకుని ఎందుకు తిరిగాడు, కొత్త గోడల దగ్గరికి ఎందుకు పోడు, కొత్త గోడలో వినాల్సింది ఏముంది? చెవి మంచిదంటున్నావుగా, రమ్మను. వెక్కిరింత కాదు. అయినా నమ్మబుద్ధి కాలేదు, నా బుద్ధి అంత తొందరగా దేన్నీ నమ్మదు. కిటికీ దగ్గరికి వెళ్ళాను. మాలు మోసే ఇనప గమేళా ఖాళీగా ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి కిటికీలోంచి బయట బండల మీదికి వదిలేశాను. ఆ మోతకు పక్కింటి కుక్క లేచి మొరిగింది, చూరు మీది పావురాలు లేచిపోయాయి, ఇంటావిడ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. మా మామ ఇసుక జల్లిస్తున్నాడు. జల్లెడ ఒక్క క్షణం కూడా తడబడలేదు.  ఇన్నాళ్ళూ ఏడిపిస్తున్నాడనుకున్నాను. ఎన్నేళ్ళుగా దాస్తున్నాడో, కొడుక్కి తెలిస్తే తాపీ లాక్కుని ఇంట్లో కూచోబెడతాడని, కూలీలకు తెలిస్తే వెనక నవ్వుతారని. గోడలు కొట్టే మిషన్ల మోతలో పోయిన చెవులు. దాచుకోవడానికి నా మొహం ఒక్కటి దొరికితే దాన్ని నేను రాయి చేసి పెట్టాను.

ఏం పడిందండీ అని ఇంటావిడ అడుగుతూనే ఉంది. కాస్త మీ అమ్మగారిని పక్కకి తీసుకెళ్ళండి అన్నాను. ఆ పళ్ళెమంత మేరలో తాపీ మొన గుచ్చి మెలిపెట్టాను. నా పూత ముద్దలా రాలింది, దాని వెనక పాత సున్నం కదిలింది. రెండోసారి గుచ్చితే పళ్ళెమంత అనుకున్నది చేటంత అయింది, పెద్ద పెంకుగా విడివచ్చి, నేను పట్టుకోబోయేలోపే మంచం కోళ్ళ గుర్తుల నడుమ పడి మూడు ముక్కలైంది. దుమ్ములో ఇంటావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆ ముక్కల్ని చూసి, వాకిట్లోకి వెళ్ళి మామ భుజం తట్టింది. ఆయన వచ్చాడు. గోడలో గుంట చూశాడు, నేల చూశాడు. నేను ఆయన కుడిపక్కకు వెళ్ళి ఎదురుగా నిలబడి, మెల్లగా, పెదాలు బాగా కదుపుతూ చెప్పాను. నిన్న గుల్ల పలికింది మామయ్యా. నాకు తెలుసు. చెప్పలేదు.

"తెలిసి పూశావా?" అన్నాడు. ఇల్లంతా వినిపించింది. "కింద మంచం కోళ్ళ గుర్తులు కనిపిస్తూనే ఉన్నాయి, ఒక మనిషి పడుకునే చోటని తెలిసి పూశావా? బుద్ధుందా నీకు? తాపీ పట్టే చెయ్యేనా అది? ఇన్నాళ్ళూ నీకు నేను చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి, వెధవా."

మాలు కలిపేవాణ్ణి తిట్టినట్టు, కొడుకుని తిట్టినట్టు తిట్టాడు. ఇంకా చాలా అన్నాడు, అన్నీ న్యాయమైనవే. తల వంచుకుని నిలబడ్డాను. వంచితే ఆయనకు నా మొహం కనిపించదని గుర్తొచ్చి మళ్ళీ ఎత్తాను. సిగ్గుగా ఉంది, చెవులు కాలిపోతున్నాయి, అయినా ఈ ఇంట్లో అడుగుపెట్టాక మొదటిసారి ఊపిరి తిన్నగా ఆడింది. ఆయన ఆయాసం తీర్చుకుని, ఎందుకు చెప్పలేదు అని అడిగాడు.

"మీకు తెలుసనుకున్నాను."

ఆయన కిటికీ బయట బండల మీద బోర్లా పడి ఉన్న గమేళా వంక చూశాడు, నా వంక చూశాడు. అది అక్కడికి ఎలా వచ్చిందో అడగలేదు.

"మీ అత్తయ్యకు చెప్పకు" అన్నాడు. తాను గుసగుసగానే అంటున్నాననుకున్నాడు, వంటింట్లోకి వినిపించే ఉంటుంది. "మావాడికి అసలే చెప్పకు."

చెప్పనని తల ఊపాను. తడి చీపురుతో గుంటలో దుమ్ము దులిపాడు, నీళ్ళు చల్లాడు. చుట్టూ ఇంకా ఎక్కడైనా వదిలిందేమో చూడాలి, తట్టు అన్నాడు. అని, నిన్నటిలాగే వచ్చి గోడకు వీపు ఆనించి నిలబడి, నా మొహం వంక చూశాడు. తాపీ తిరగేసి గుంట అంచు చుట్టూ తట్టుకుంటూ వచ్చాను. నిండుగా ఉంది. నిండుగా ఉంది. కిటికీ కిందికి వచ్చేసరికి నా కనుబొమ్మ దానంతటదే లేచింది. మామ జేబులోంచి సుద్దముక్క తీశాడు.